నూటికి ఎన్ని

బేరింగు చిప్పను కిరసనాయిలులో ముంచి, బ్రష్షుతో రుద్ది, వెలుతురుకు పట్టి చూశాడు మెకానిక్కు ఫక్రుద్దీన్. నున్నగా మెరవాల్సిన లోపలి వైపంతా సన్నటి గీతలు పడి ఉన్నాయి. ఒకచోట లోహం కరిగి పక్కకు జరిగి నల్లబడిపోయింది. ఎనిమిది నెలల్లో ఇట్లా తిరగకుండా పట్టేసిన ఇంజను ఇది రెండోది. రెండుసార్లూ ఆ బస్సు తోలింది తిమ్మప్పే.

అది పంతొమ్మిది వందల అరవై మూడు, మార్చి నెల. హిందూపురంలో గంగాధర మోటార్ సర్వీసు షెడ్డులో ఆ సోమవారం పొద్దున డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ చేరారు. ఓనరు గంగాధర కూడా వచ్చి, విప్పిన ఇంజను పక్కన నిలబడ్డాడు. తిమ్మప్ప కొంచెం ఎడంగా, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతులు కట్టుకుని ఉన్నాడు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఇరవై రెండేళ్లుగా బస్సు తోలుతున్న మనిషి.

"ఏం మేస్త్రీ, ఎందుకు పట్టేసింది?" అన్నాడు గంగాధర.

ఫక్రుద్దీన్ చిప్పను గుడ్డ మీద పెట్టాడు. ఆ షెడ్డులో ఇంజను గురించి అతను చెప్పిందే చివరి మాట. పోయినసారి అడిగినప్పుడు ఏమీ తేల్చలేకపోయాడు. ఈసారీ తెలియదంటే బాగుండదనిపించింది.

"బేరింగు పొయ్యే ముందర చప్పుడు చేస్తాది సామీ. విన్న డ్రైవరు బండి నిలిపేస్తాడు. తిమ్మప్పకు వయసైపోయింది. చెవులు మందగించినాయేమో."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"చప్పుడేమీ రాలేదప్పా," అన్నాడు తిమ్మప్ప మెల్లగా.

"వచ్చినా నీకు వినపడాల కదా!" అన్నాడు ఒక కండక్టరు. ఈసారి నలుగురైదుగురు నవ్వారు.

గంగాధర నవ్వలేదు. "తిమ్మప్పా, రేపట్నుంచి పెనుకొండ బస్టాండులో టైం కీపరుగా కూర్చో. నీ ఊరే కదా. బండ్లు వచ్చిన టైం రాసుకుంటే చాలు," అన్నాడు.

తిమ్మప్ప జేబులోంచి బస్సు తాళం తీసి, చొక్కా అంచుతో తుడిచి, పనిముట్ల బల్ల మీద పెట్టాడు. ఫక్రుద్దీన్ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఫక్రుద్దీన్‌కు తేలికగా ఉండేది. అది అడుగుతున్న చూపు. నిజంగానేనా, నాకు చెవులు పోయినాయా, అని.

బుధవారం గంగాధర రెండో బస్సు కూడా విప్పి చూడమన్నాడు. దాన్ని తోలేది నరసింహులు. ఇరవై ఆరేళ్లవాడు. వీధి మొదట్లో లారీ హారను మోగితే అది ఎవరి లారీయో షెడ్డులోంచే చెప్పగలడు. ఫక్రుద్దీన్ ఇంజను కిందికి దూరి, ఆయిలు నిలిచే అడుగు పళ్లెం దించి, ఒక బేరింగు మూత విప్పాడు. చిప్ప చేతిలోకి జారింది. బొటనవేలు దాని మీదుగా పోనిచ్చాడు.

గోరుకు తగిలాయి. అవే సన్నటి గీతలు. ఇంకా లోతు పడలేదు, అంతే.

అతను బయటికి వచ్చి, చిప్పను ఎండలోకి తీసుకుపోయాడు. సూది మొనతో ఒక గీత చివర గుచ్చి కదిలిస్తే చుక్కలాంటిది ఊడి, అరచేతిలో తళుక్కుమంది. ఇసుక. సోమందేపల్లి దాటినాక బస్సు వెనక ఇంటెత్తు లేచే దుమ్ములోని ఇసుక. బేరింగు మెత్తటి లోహంలో అది కరుచుకుని కూర్చుంటే లోపల తిరిగే క్రాంకు ఇరుసును గీస్తూనే ఉంటుంది. ఆ రాపిడికి వేడెక్కి, ఒక్కసారిగా పట్టేస్తుంది. చప్పుడు చేసి చెప్పేంత వ్యవధి ఉండదు.

"ఏమప్పా మేస్త్రీ, నా బండికి కూడా ఏమన్నా ఉండాదా?" అన్నాడు నరసింహులు.

"నీకు ఈ మధ్య ఏమన్నా చప్పుడు వినిపించిందా?"

"యాడప్పా, కుట్టుమిషన్ మాదిరి పోతాండాది."

ఫక్రుద్దీన్ చిప్పను బల్ల మీద పెట్టి, మళ్లీ బండి దగ్గరికి వచ్చాడు. ఇసుక ఇంజనులోకి ఏదో ఒక సందున వస్తుంది. ఆ దారిలో రాకుండా ఉండదు. వచ్చినదాన్ని ఆయిల్లోంచి ఏరిపారేయడానికే ఫిల్టరు ఉండేది. డబ్బా విప్పి, లోపలి కాగితం మడతల ఎలిమెంటును పైకి తీశాడు. కత్తితో నిలువునా కోసి, మడతలు విప్పి పరిచాడు. మూడు వేల మైళ్లు తిరిగిన ఎలిమెంటు. మడతల అడుగున కాస్త నల్లటి జిడ్డు తప్ప ఏమీ లేదు.

పోయిన ఏడాదంతా ఈ శుభ్రాన్ని చూసే అతను మురిసిపోయాడు. 'కొత్త ఫిల్టరు వచ్చినాక ఆయిలు ఎంత శుభ్రంగా ఉండాదో చూడండి' అని అందరికీ చూపించాడు. ఇప్పుడు ఆ మడతల ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క మడతా గోరుతో గీకి చూశాడు. బండి తిరిగింది దుమ్ములో. దుమ్ము ఈ కాగితంలో లేదు. మరి యాడికి పోయింది?

బల్ల మీదున్న బేరింగు చిప్ప వైపు చూడడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

గురువారం సాయంత్రం ఐదింటికి ఫక్రుద్దీన్ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బస్టాండుకు పోయాడు. పెనుకొండ బస్సు కోసం కౌసల్యమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు. రోజూ పెనుకొండ నుంచి వచ్చి పోతుంది. బడిలో బోరింగు పంపు చెడిపోయినప్పుడు అతనే బాగు చేసి ఇచ్చాడు. అప్పట్నుంచి కనపడితే మాట్లాడుతుంది.

"టీచరమ్మా, ఈ రెండూ కొంచెం చదివి పెడతారా?" అని రెండు ఫిల్టరు పెట్టెలూ, వాటిలోని కాగితాలూ ఇచ్చాడు.

"మీకు ఇంగ్లీషు అంకెలు వస్తాయి కదా మేస్త్రీ?"

"అంకెలు వస్తాయమ్మా. అదే తంటా అయింది. పాత పెట్టె మీద ఇరవై అయిదు అని ఉండాది. కొత్తదాని మీద పది. ఎంత సన్నటి రజనును పట్టుకుంటాదో ఆ అంకె చెప్తాది. పది అంటే ఇంకా సన్నటిది కదా, ఇదే మేలని నేనే ఓనరుకు చెప్పి తెప్పించినా."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చిన్న అక్షరాలన్నీ చదివింది. బస్సు వచ్చి నిలిచినా లేవలేదు.

"మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. తలవెంట్రుక మందమే డెబ్బై ఎనబై ఉంటుంది. పది మైక్రాన్లంటే చాలా సన్నం, మీరన్నది నిజమే. కానీ నూటికి ఎన్ని పట్టుకుంటుంది?"

ఫక్రుద్దీన్‌కు అర్థం కాలేదు.

"ఒక పిల్ల ఎస్సెల్సీ పరీక్ష రాసింది. ఇంకొకతి ఎనిమిదో తరగతి పరీక్ష రాసింది. ఎస్సెల్సీ రాసిందే బాగా చదివేదని చెప్పేస్తామా?"

"మార్కులు చూడాల కదమ్మా."

"అంతే మేస్త్రీ. ఇరవై అయిదూ పదీ అన్నవి ఏ పరీక్ష రాసిందో చెప్తాయి. మార్కులు వేరే. పాతదాని కాగితంలో మార్కులు రాసినారు. ఇరవై అయిదు మైక్రాన్లు, అంతకు మించిన రజను వంద కణాలు వస్తే తొంభై ఎనిమిదిని ఆపుతుందంట. కొత్తదాంట్లో పది అని రాసి పక్కన 'నామినల్' అని పెట్టినారు. మార్కులు యాడా లేవు."

"నామినల్ అంటే?"

కౌసల్యమ్మ కళ్లద్దాలు తీసింది. "పేరుకు, అని."

కండక్టరు ఈల వేశాడు. ఆమె లేచి నిలబడి, అతని ముఖం చూసి మళ్లీ కూర్చుంది. "ఇది పోనీలెండి, ఇంకో బస్సుంది. ఏమైంది చెప్పండి," అంది.

అతను చెప్పాడు. తిమ్మప్ప సంగతి చెప్పేటప్పుడు నేల చూశాడు.

"పెనుకొండ బస్టాండులో చూస్తున్నా ఆయన్ని. ఎవరన్నా మాట్లాడిస్తే నోటి వంక చూస్తాడు, తన చెవుల మీద తనకే నమ్మకం లేనట్టు." ఆమె కాగితాలు మడిచింది. "ఇవన్నీ వాళ్లు రాసిన మాటలు. మనం చూడాల. శనివారం ఒంటిపూట బడి. రెండు ఫిల్టర్లూ తెండి. మీ రోడ్డు దుమ్ము కూడా."

శనివారం మధ్యాహ్నం బడి ఖాళీ అయినాక ఇద్దరూ సైన్సు గదిలో పని మొదలుపెట్టారు. ఫక్రుద్దీన్ స్టోరు గదిలో వాడకుండా మిగిలిన మూడు పాతరకం ఎలిమెంట్లలో ఒకటి వెతికి తెచ్చాడు. కొత్తరకం ఒకటి, ఫిల్టరు డబ్బా, చేతిపంపు, రబ్బరు గొట్టాలు, సోమందేపల్లి దగ్గర బస్సు మెట్ల మీద నుంచి ఊడ్చిన దుమ్ము. దుమ్మును పలుచటి గుడ్డలో వడగట్టి, కౌసల్యమ్మ త్రాసులో రెండు సమాన భాగాలు తూచింది. ఆయిలు పలచబడడానికి అతను కిరసనాయిలు కలిపాడు.

"ముందు దుమ్ము కలపనిది ఒక చుక్క చూద్దాం. మన ఆయిల్లోనే మట్టి ఉంటే ఫిల్టరును తిట్టి లాభం లేదు కదా," అందామె.

ఆ మాట అతనికి నచ్చింది. పని తెలిసిన మాట. ఆమె చూస్తే ఆ చుక్క శుభ్రంగానే ఉంది; అప్పుడు దుమ్ము కలిపారు.

ఒక్కో ఎలిమెంటు గుండా ఒకే కొలత ఆయిలు, ఒకే వేగంతో పంపు కొట్టాడు. కారినదాన్ని సీసాల్లో పట్టి, బాగా కుదిపి, గాజు పలక మీద చుక్క వేసి ఆమె మైక్రోస్కోపు కింద పెట్టింది. తన తలలోంచి ఒక వెంట్రుక పీకి చుక్క పక్కన పరిచింది, కొలతకు.

"చూడండి మేస్త్రీ."

మొదట అతనికి తన కనురెప్పలే కనిపించాయి. తర్వాత కాంతి కుదురుకుంది. మోకులాగా లావుగా ఒక వెంట్రుక. దాని పక్కనంతా ఖాళీ. ఒక మూల చిన్న నలుసు.

"ఇది పాతది. ఐదు చోట్ల లెక్కపెడితే నాలుగు వచ్చినాయి. ఇప్పుడు ఇది చూడండి."

రెండో పలక మీద చుక్కనిండా పెళ్లలు. వెంట్రుకలో సగం మందం ఉన్నవీ, మూడో వంతు ఉన్నవీ, అంచులు పగిలిన గాజుముక్కల్లా ఉన్నాయి. అతను లోగొంతుతో లెక్కపెట్టాడు. ఐదు చోట్లా కలిపి డెబ్బై ఒకటి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. డెబ్బై ఒకటే.

"మీరు కూడా ఒకసారి లెక్కబెట్టండమ్మా."

ఆమె లెక్కపెట్టి అరవై తొమ్మిది అంది. ఆ రెండూ వెంట్రుక కింద దాక్కున్నాయేమో అంది. అతను నవ్వలేకపోయాడు.

"అయితే అన్నింటికంటే సన్నటిది, మార్కులు కూడా ఎక్కువుండేది వెయ్యొచ్చు కదా?" అని ఆమె అడిగింది, అతన్ని మాటల్లో పెట్టాలని.

"మరీ సన్నమైతే తొందరగా పూడుకపోతాదమ్మా. పూడుకపోతే ఇంజను ఎండిపోకుండా పక్కన ఒక వాల్వు తెరుచుకుంటాది. ఆయిలు వడగట్టకుండానే పోతాది. మన దుమ్ముకు తగింది వెయ్యాల, టైముకు మార్చాల." ఈ మాటలు చెప్తూ ఉంటే అతని గొంతు కాస్త నిలబడింది. తర్వాత మళ్లీ పడిపోయింది. "ఇదంతా తెలిసినోణ్నే. నూటికి ఎన్ని అని అడగాలని మాత్రం తెలీలేదు. ఎవరినన్నా అడిగింటే సరిపోయేది. నాకు తెలుసనుకున్నా."

అక్కడినుంచి అతను తిన్నగా గంగాధర ఇంటికి పోయాడు. గంగాధర వసారాలో కూర్చుని అంతా ఓపికగా విన్నాడు. ఫక్రుద్దీన్ తెచ్చిన బేరింగు చిప్పను వేలితో తడిమాడు.

"సరే, పాత ఫిల్టర్లే తెప్పించు. రెండు బండ్లకూ వెయ్యి. తిమ్మప్పను సోమవారం నుంచి బండెక్కమను. అయితే ఈ సంగతి షెడ్డు దాటకూడదు. మన బండ్లలో వేసే సరుకే మంచిది కాదని తెలిస్తే జనాలు ఎక్కుతారా? ఎవరన్నా అడిగితే, ముసలాయన, పోనీలే అని ఓనరు వదిలేసినాడని చెప్పు. నీ పేరూ నిలబడతాది."

ఫక్రుద్దీన్ తలూపాడు. పేరు నిలబడుతుందనే మాట విన్నప్పుడు లోపల హాయిగా అనిపించిన సంగతి, వీధి మలుపు తిరిగినాక గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ఆదివారం పొద్దున పెనుకొండలో బస్సు దిగి, తిమ్మప్ప ఇంటికి నడిచాడు. తిమ్మప్ప భార్య రత్నమ్మ అరుగు మీద చాటలో కొర్రలు చెరుగుతోంది. అతన్ని చూసి చాట కింద పెట్టింది గానీ లేవలేదు.

"రాన్నా," అంది. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించి, "ఏమన్నావన్నా ఆయన్ని? ఆ గడియారం తీసుకపోయి వంటింట్లో పెడతాడు, ఈడికొచ్చి కూర్చుని వింటాడు. మళ్లా పోయి దాన్ని పెరట్లో పెడతాడు. వినపడిందా అని నన్ను అడుగుతాడు. నాకు వినపడినా, వినపడకపోయినా, వినపడలేదనే చెప్తాండా, తనకొక్కనికే కాదనుకుంటాడని. ఏం చెయ్యాలో తెలీక. వారం నుంచి ఆయన నిద్రపోలే, నేనూ పోలే," అంది.

తిమ్మప్ప లోపలినుంచి వచ్చాడు. ఫక్రుద్దీన్ అరుగు మీద కూర్చోకుండానే, నిలబడే చెప్పాడు. ఇసుక గురించి, మడతల గురించి, మైక్రోస్కోపు గురించి. నరసింహులు బండిలో ఉన్న గీతల గురించి. తిమ్మప్ప అతని నోటి వైపే చూస్తూ విన్నాడు.

"అయితే చప్పుడు రాలేదా?"

"రాలేదప్పా. వచ్చేది కూడా కాదు. ఇరవై ఏళ్ల పిలగాడున్నా వినపడేది కాదు."

"నాకు చెవులు పోలేదా?"

"పోలే."

తిమ్మప్ప అరుగు మీద కూర్చున్నాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. రత్నమ్మ చాటలో గింజలు వేలితో ఊరికే కదిపింది.

"ఓనరు రేపట్నుంచి బండెక్కమన్నాడు," అన్నాడు ఫక్రుద్దీన్.

"ఏమని ఎక్కమన్నాడు?"

ఫక్రుద్దీన్ తడబడ్డాడు. అబద్ధం రాలేదు. గంగాధర అన్న మాటే చెప్పాడు.

తిమ్మప్ప ముఖంలో అప్పుడు వచ్చింది కోపం.

"పోనీలే అని వదిలేసినాడా? నేను చెయ్యని తప్పును ఆయన వదిలేసేదేంది? నువ్వు ఆ మాట యాడ అన్నావప్పా? షెడ్డులో, అందరి ముందరా. అందరూ నవ్వినారు. ఇప్పుడొచ్చి నా ఇంటి అరుగు మీద మెల్లగా చెప్తాండావు. నేను ఈడనే టైం రాసుకుంటా. నువ్వు పోయి రా."

రత్నమ్మ లేచి లోపలికి పోయింది. ఫక్రుద్దీన్ చెప్పులు తొడుక్కునేటప్పుడు చెంబుతో మజ్జిగ ఇచ్చింది. అతను సగం తాగి, మిగిలింది తాగలేక, చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు మొదటి బస్సుకు ఆయన్ని షెడ్డుకు రమ్మను చెల్లెమ్మా," అన్నాడు. "బండెక్కేదానికి కాదు. వినేదానికి రమ్మను."

సోమవారం పొద్దున తిమ్మప్ప మామూలు చొక్కాలో వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాడేమోనని భయపడుతూ ఉన్న ఫక్రుద్దీన్, అతన్ని చూడగానే రెంచి కింద పెట్టాడు. డ్రైవర్లూ కండక్టర్లూ ఇంకా టీ తాగుతున్నారు. గంగాధర అప్పుడే లోపలికి వస్తున్నాడు.

"అందరూ ఒకసారి ఇట్ల రండప్పా," అన్నాడు ఫక్రుద్దీన్.

గంగాధర కళ్లతోనే వద్దన్నాడు. ఫక్రుద్దీన్ అది చూశాడు. చూసి, రెండు ఎలిమెంట్లూ రెండు చిప్పలూ బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పే మాటలు దారంతా అనుకుంటూ వచ్చాడు గానీ అవేవీ గుర్తు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఫిల్టరు తానే ఎంచాననీ, అంకె చూసి మోసపోయాననీ, నరసింహులు బండి కూడా ఇంకో నెలకు ఆగిపోయేదనీ చెప్పాడు. నరసింహులు వచ్చి తన బండి చిప్పను చేతిలోకి తీసుకుని, గోరుతో తడిమి చూసి, పక్కవాడికి ఇచ్చాడు. చిప్ప చేతులు మారుతూ పోయింది.

"ఇంజను పోయింది నా వల్ల. తిమ్మప్ప తప్పు ఏమీ లేదు. చెవులు పోయినాయని నేను అన్న మాట కూడా తప్పే!" గుమ్మం దాకా వినపడాలని అతను చివరి మాటలు దాదాపు అరిచాడు.

గుమ్మం దగ్గర తిమ్మప్ప కదిలాడు.

"అంత గట్టిగా చెప్పొద్దులేప్పా," అన్నాడు. "నాకు వినపడతాండాది."

ఎవరూ నవ్వలేదు. పోయిన సోమవారం వెక్కిరించిన కండక్టరు తన టీ గ్లాసు తీసుకుపోయి తిమ్మప్ప చేతికిచ్చాడు. గంగాధర చాలాసేపు ఫక్రుద్దీన్ వైపు చూసి, "ఫిల్టర్లు ఎప్పుడొస్తాయి?" అని మాత్రం అడిగాడు.

"మన దగ్గర మిగిలిన పాతవి రెండే ఉండాయి సామీ. నిన్న సాయంత్రమే రెండు బండ్లకూ వేసేసినా. తిమ్మప్ప బండి ఇంజను కూడా కుదిరింది."

"అయితే తిమ్మప్పా, తొమ్మిదిన్నర బండి పోనీ. మేస్త్రీ, నువ్వు కూడా ఎక్కు. ధర్మవరం దాకా పోయి చూసి రా."

ఫక్రుద్దీన్ షెడ్డుకు వచ్చి పదకొండేళ్లు. తాను బాగు చేసిన బస్సులో ధర్మవరం దాకా ఎప్పుడూ పోలేదు. డ్రైవరు ఎడమ పక్కన ఇంజను మూతను ఆనుకుని ఉన్న సీట్లో కూర్చున్నాడు. తిమ్మప్ప ఎవరిదో ఖాకీ చొక్కా అడిగి తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులుగా ఉంది. సోమందేపల్లి దగ్గర దుమ్ము లేచింది. ముందున్న ఆయిల్ ప్రెషర్ మీటరులో ముల్లు కదలకుండా నిలబడి ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు, ఒకరు చూడడం ఒకరు గమనిస్తూ.

పెనుకొండ బస్టాండులో రత్నమ్మ నిలబడి ఉంది. చేతిలో సంచి గానీ క్యారియరు గానీ లేదు. మొగుడు స్టీరింగు ముందు కూర్చుని ఉండడం చూసి, ఒకసారి కొంగుతో ముఖం తుడుచుకుని, బస్సెక్కింది.

"యాడికమ్మా?" అన్నాడు కండక్టరు, ఎవరో తెలియక.

"బస్సు యాడికి పోతే ఆడికి," అంది రత్నమ్మ.

తిమ్మప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆమె ఎప్పుడూ అతని బస్సు ఎక్కలేదు. ఆమె అతని వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటి రెండు మైళ్లు పోకముందే తల కిటికీ ఊచలకు ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ముందర కల్వర్టు దగ్గర రోడ్డు గుంతలు పడి ఉంది. తిమ్మప్ప అద్దంలోకి చూసి, గేరు తగ్గించి, చక్రాలను ఒక్కొక్కటిగా గుంతలోకి దించి, ఒక్కొక్కటిగా పైకి ఎక్కించాడు. బస్సు నడిచే మనిషి కంటే మెల్లగా పోతోంది.

వెనకనుంచి ఒక రైతు లేచి అరిచాడు. "ఏమప్పా, బండి మళ్లా చెడిపోయిందా?"

తిమ్మప్ప అద్దంలో మళ్లీ రత్నమ్మ వైపు చూశాడు. ఫక్రుద్దీన్ సీట్లోంచి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి, "లేదప్పా," అన్నాడు. "బాగుండాది. మెల్లగా మాట్లాడు."